ఎలకకు చిల్లంగి

ప్లేగు భయం ముదిరిన ఆ ఏడాది రాజమండ్రి ఆసుపత్రి వెనక ఎలకల చావిడి ఒకటి వెలిసింది. ఊళ్లో పట్టిన ఎలకల్ని అక్కడికి తెస్తే, పొట్ట కోసి లోపల ప్లేగు ఉందో లేదో చూస్తారు. చూసేది డాక్టరు వీరాస్వామిగారు, కోసేది జాలరిపేట సత్తియ్య. చేపలు కోసిన చెయ్యి కదా, ఎలకలు దానికో లెక్కా?

ఆ పొద్దున మాత్రం అతనికి చేతులు ఆడడం లేదు. భార్య లోవమ్మకు మెడ కింద గడ్డ లేచి, చూస్తుండగానే నిమ్మకాయంత అయింది. ఎవరో చేతబడి చేసి చిల్లంగి పెట్టారన్నారు పేటవాళ్లు. ఎవరు పెట్టారు? ఇంకెవరు, మొగుడు పోయి, పిల్లాజెల్లా లేక, పక్క గదిలో పడి ఉంటున్న తోడికోడలు రత్తమ్మ. చిల్లంగి పెట్టినవాళ్ల ముందుపళ్లు ఊడబెరికితే మంత్రం నోట పలకదని పేటలో నమ్మకం. కులపెద్ద బుల్లియ్య ఆ సాయంత్రానికే కమ్మరి పటకారు తెప్పిస్తానన్నాడు. తల్లి పోయిన సత్తియ్యకు అన్నం కలిపి పెట్టి పెంచింది ఆ వదినే. అడ్డుపడితే పెళ్లాం బతకడం ఇష్టం లేదా అంటారు. ఊరుకుంటే వదిన నోరు నెత్తురవుతుంది. అతనికి ఏడుపొచ్చింది.

అప్పుడే కత్తి కిందికి ఓ ఎలక వచ్చింది. దాని చంక కింద ఉసిరికాయంత గడ్డ. ప్లేగేమోనని డాక్టరుగారు ఒక్క ఉదుటున లేచొచ్చి, గడ్డ కోయించి, ముక్కని అద్దాల గొట్టం కింద పెట్టి చాలాసేపు చూశారు.

"ప్లేగు కాదోయ్, కంతి. దానంతటదే పుట్టి పెరిగింది. వేల ఎలకల్లో ఏ ఒక్కదానికో వస్తుంది. నేను చూడ్డం ఇదే మొదలు."

"ఎవరూ పెట్టలేదాండి?"

"ఎలక్కి ఎవరు పెడతారయ్యా?"

ఆ మాటతో సత్తియ్యకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరుగారిని బతిమాలి, మిగిలిన కంతిని సారాయి పోసిన సీసాలో వేయించుకుని పేటకు పరుగెత్తాడు.

సాయంత్రం దాకా ఆగకుండా అప్పటికే రత్తమ్మను గుంజకు కట్టేశారు. బుల్లియ్య చేతిలో పటకారుంది. లోవమ్మ గుమ్మంలో కూర్చుని, తోడికోడలి వైపు చూడకుండా కొంగు నములుతోంది.

"ఆగండి బాబాయ్!" అని సత్తియ్య సీసా ఎత్తి చూపించాడు. "ఇదిగో, ఎలక్కీ గడ్డేనండి. ఎలక మీద ఎవరికి పగండి? దానంతటదే వచ్చిందని డాక్టరుగారు చెప్పారు. మా లోవమ్మదీ అలాంటిదే. మా వదిన్ని వదిలెయ్యండి."

జనం సీసా చుట్టూ మూగారు. కొందరి మొహాల్లో నిజంగానే సందేహం కదిలింది. బుల్లియ్య సీసాను తిప్పి తిప్పి చూశాడు. కులపెద్ద అయినవాడు తెలియదనకూడదు కదా.

"పిచ్చోడా! మనిషికి పెట్టే ముందు ఎలక మీద పెట్టి చూసుకుంటారు. పారిందో లేదో తెలియాలిగా! ఇది ఎవరింట దొరికితే ఆ ఇంటిదే చిల్లంగి. చెప్పు, ఎవరింట పట్టారు?"

జవాబు తనకు ముందే తెలిసినట్టు అతను రత్తమ్మ గది వైపు చెయ్యి చూపించాడు.

ఏ ఇంటి ఎలకో చెప్పందే చావిట్లో పుచ్చుకోరు. అందుకని సత్తియ్యకు తెలుసు. అబద్ధమాడే తెలివి అతనికి ఏనాడూ లేదు. పైగా ఆ క్షణాన వదిన తప్ప మరెవరూ అతని కంటికి ఆనలేదు.

"మీ ఇంటి అటక మీదేనండి. పొద్దున్న మా తలుపులమ్మ పిన్నే బోను తెచ్చి ఇచ్చింది."

ఎవరో రత్తమ్మ కట్లు విప్పారు. బుల్లియ్య పటకారును పంచె మడతలో దాచుకోబోతే వెనకనుంచి ఒక చెయ్యి దాన్ని లాక్కుంది. జనం తలలు ఒక్కొక్కటిగా బుల్లియ్య భార్య తలుపులమ్మ వైపు తిరిగాయి. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.