యంత్రపూజలో తొలి సీసా

ఇక్సాన్ ఊళ్ళోని మా ఫ్యాక్టరీలో కొత్త యంత్రం దిగిందంటే ముందు పూజ జరగాల్సిందే. ఉడికించిన పంది తల, ఎండు చేప, బియ్యం కల్లు, అందరం వంగి మొక్కడం. పంది తల నవ్వు మొహంతో ఉండాలని డైరెక్టర్ బంగ్ బజారంతా గాలించాడు. మనుషులు నవ్వితే మాత్రం ఆయనకు గిట్టదు.

యంత్రం చేసే పని చెప్పుకుంటే చిన్నదే. ఆవుపాలు, సోయాపాలు కలిపి నింపిన ప్లాస్టిక్ సీసాలను ఉక్కు గొట్టంలో నీళ్ళ మధ్య పెట్టి నొక్కుతుంది. పొయ్యి లేదు, మంట లేదు. ఆ ఒత్తిడికే క్రిములు చస్తాయి, పాల రుచి చెడదు. దాన్ని నడిపేది నేను. ఏవి ఎంత కలపాలో తేల్చింది ఓక్ సే-రిన్, కాంట్రాక్టు మీద పనిచేసే పిల్ల. ఈ పాలు చైర్మన్‌కు నచ్చితే పూజ రోజే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. నచ్చకపోతే అదే ఆఖరి రోజు.

ముందురోజు బంగ్ వచ్చి సోయా పొడి ఇంకా కలపమన్నాడు.

"చైర్మన్ గారు సోయాపాల బండి తోసి పైకొచ్చిన మనిషి. పల్చగా ఉంటే నా మొహాన కొడతారు."

"వద్దు సార్. ఇంత చిక్కగా ఉంటే ఒత్తిడికి గడ్డకడుతుంది. సీసాలోంచి దిగదు," అంది సే-రిన్.

"అయితే ఒత్తిడి తగ్గించు."

"తగ్గిస్తే క్రిములు చావవు సార్."

"ఏం చెప్పినా వద్దంటావేం? నీ ఉద్యోగం ఖాయం చేసేది నేనా, నీ క్రిములా?"

చెప్పినంత పొడీ కలిపింది సే-రిన్. నాకు ఒళ్ళు మండింది. మండి ఏం లాభం?

తెల్లారి సీసాలు బయటికొచ్చాయి. తొలి సీసా దేవుళ్ళది, పూజలో అది పోసేంతవరకూ ఎవరూ మూత తీయకూడదని మా వాళ్ళ పట్టింపు. కోట్లు పోసి యంత్రం కొంటారు గానీ ఒక్క సీసా విప్పి చూడాలంటే భయం. సే-రిన్ ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మొహం పాలిపోయింది.

"అక్కా, చప్పుడు లేదు," అని నాతో అని, బంగ్ దగ్గరికి పరిగెత్తింది.

"ఇప్పుడా చెప్పేది? కార్లు గేటు దాటాయి. పో, పోయి వరసలో నిలబడు," అన్నాడాయన.

చైర్మన్ తక్ గారికి ఎనభై దాటాయి. పంది తల ముందు మొక్కి, రెండు చేతులా సీసా పట్టుకుని వంచారు. ఏమీ పడలేదు. తలకిందులు చేశారు, అడుగున తట్టారు.

"దేవుళ్ళే వద్దన్నారా? ఎవరు చేశారిది?" అన్నారాయన.

బంగ్ వేలు ఎప్పుడు లేచిందో నేను చూడనే లేదు. "ఈ అమ్మాయే సార్. చదువుకున్నానని పొగరు. చెబితే వినదు."

సే-రిన్ నడుం విరిగేలా వంగి క్షమించమంది. లెమ్మని ఎవరూ అనలేదు.

ముసలాయన సీసాను గట్టిగా పిండారు. తెల్లటి ముద్ద అరచేతిలో పడింది. నాకారు. మళ్ళీ నాకారు. కళ్ళు చెమర్చాయి.

"పళ్ళూడిన వాళ్ళకు ఇంతకంటే ఏం కావాలయ్యా! చెంచాతో తినేలా డబ్బాల్లో పోసి అమ్మండి. ఇంత సోయా వెయ్యాలని ఎవరికి తోచింది?"

"నాకే సార్. నేనే వేయించాను," అన్నాడు బంగ్.

"మరి ఈ అమ్మాయేం చేసింది?"

"వద్దంది సార్."

ఒక్క ముక్క అబద్ధం లేదు అందులో.

"వద్దనేవాళ్ళు మనకెందుకు?" అన్నారు తక్ గారు చెయ్యి తుడుచుకుంటూ. గొంతులో కోపం కూడా లేదు.

సే-రిన్ ఇంకా వంగే ఉంది. బంగ్ ఆమె భుజం తట్టాడు. "లేమ్మా. సామాను తర్వాత సర్దుకుందువుగానీ, ముందు క్యాంటీన్‌కెళ్ళి చెంచాలు పట్రా. అందరికీ పంచు."

తెచ్చింది. పెద్దవాళ్ళతో మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ చెంచాలో ముద్ద పిండి రెండు చేతులతో అందించింది. చివరికి నా దగ్గరికొచ్చింది.

"తిను అక్కా," అంది.

తిన్నాను. మెత్తగా, కమ్మగా ఉంది. ఉమ్మేద్దామనుకున్నాను. చైర్మన్ గారు ఇటే చూస్తున్నారు. మింగేశాను.