అర్థమైందని సంతకం

ఆస్పత్రి ఇంజెక్షన్ల గదిలో డెల్బర్ట్ చొక్కా చెయ్యి భుజం దాకా మడుచుకుని కూర్చుని అరగంటయింది. నర్సు రోజలిన్ మందు పెట్టెను ఫ్రిజ్‌లోంచి తీసి, దానిమీది అంకెలు రెండుసార్లు చదివి, బల్లమీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడింది. సూది గుచ్చడానికి ఒక్క నిమిషం పట్టదు. కానీ బిల్లుల విభాగం నుంచి ఇంకా సరేనన్న మాట రాలేదు.

పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అతని భార్య వర్నా. తెల్లవారుజామున నాలుగింటికి సూపర్‌మార్కెట్‌లో డ్యూటీ ఎక్కి, పదకొండింటికి దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా మొగుణ్ణి పాత ట్రక్కులో కూర్చోబెట్టుకుని కొండదారిన నలభై మైళ్లు తోలుకొచ్చింది. అలమరల్లో సరుకుల ధరల చీటీలు మార్చడం ఆమె పని. గంటకు పదమూడు డాలర్ల నలభై సెంట్లు. బఠానీల డబ్బా కింద చీటీ డాలరు ఇరవై అని ఉండి, కౌంటర్లో డాలరు ముప్పై పడితే ఎవరూ ఊరుకోరు. మేనేజరు పరుగెత్తుకొచ్చి, క్షమించమని అడిగి, ఆ డబ్బా ఊరికే ఇచ్చి పంపుతాడు. ఆ తరవాత వర్నాను పిలిచి చీవాట్లు పెడతాడు.

తలుపు తోసుకుని కెండ్రా వచ్చింది, చేతిలో ట్యాబ్‌తో. బిల్లుల విభాగంలో చేరి ఏడాది కాలేదు. వాళ్లమ్మా వర్నా చర్చిలో పక్కపక్కనే నిలబడి పాడతారు.

"ఆంటీ, చిన్న సంతకం. ఇక్కడ వేలితో గీస్తే చాలు."

"పోయినసారి ఈ సంతకం లేదుగా?"

"పోయినసారి కార్డుందిగా ఆంటీ. ఇప్పుడది ఖాళీ."

కార్డు మందు కంపెనీవాళ్లు ఇచ్చింది; రోగి వంతు డబ్బు ఏడాదికి కొంతవరకు అదే కడుతుంది. ఈ జబ్బుకి ఈ మందు తప్ప మరో దారి లేదు. గుండె కండరం కొంచెం కొంచెంగా గట్టిపడిపోతుంది. డెల్బర్ట్ వాళ్లన్న వెండెల్ యాభై నాలుగో ఏట ఇదే జబ్బుతో, దాని పేరైనా తెలియకుండా పోయాడు. డెల్బర్ట్‌కి పేరు తెలిసింది. దానితోపాటు మూడు నెలలకోసారి ఆస్పత్రిలో నర్సు చేత్తోనే వేయించుకోవలసిన ఇంజెక్షనూ తెలిసింది. సున్నపురాతి క్వారీలో ఇరవయ్యేడేళ్లు లోడర్ నడిపినవాడు, కిందటి చలికాలంలో వాకిట్లో ఉత్తరాల పెట్టెదాకా నడిచి రావడానికి రెండుచోట్ల ఆగేవాడు. రెండు ఇంజెక్షన్లు పడ్డాక ఆగకుండా వెళ్లి వచ్చాడు. ఆ రోజు వర్నా కిటికీలోంచి చూసి, అతనికి కనపడకుండా వంటగదిలోకి తప్పుకుని ఏడ్చింది.

బీమా వర్నా ఉద్యోగం మీద వచ్చింది. మొగుణ్ణి కూడా చేర్చినందుకు రెండు వారాలకోసారి జీతంలోంచి రెండు వందల పన్నెండు డాలర్లు కోస్తారు. ఏడాదికి ఎనిమిది వేల ఏడు వందలు చేతినుంచి పడ్డాక మిగిలిందంతా బీమావాళ్లే భరిస్తారని కాగితంలో ఉంది. జనవరిలో మొదటి ఇంజెక్షన్‌కే అంత మొత్తమూ పడింది. కార్డు కట్టేసింది. ఇక ఈ ఏటికి గండం గట్టెక్కినట్టే అనుకుంది వర్నా.

"కార్డు ఖాళీ అయితే అయింది. ఈ ఏడాది మా వంతు తీరిపోయిందిగా, కెండ్రా?"

కెండ్రా ట్యాబ్ వంక చూసింది. "తీరలేదు ఆంటీ. ఏప్రిల్లోనూ ఎనిమిది వేల ఏడు వందలు పడింది, అదీ కార్డే కట్టింది. ఇవాళ మళ్లీ అంతే చూపిస్తోంది. ఎందుకో బీమావాళ్లనే అడగాలి."

వర్నా ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లింది. నలభై ఏడు నిమిషాలు సంగీతం వినిపించారు. ఆఖరికి ఓరిన్ అనే అబ్బాయి పలికాడు. గొంతు మెత్తగా ఉంది.

"మీ లెక్క ప్రకారం ఈ ఏడాది మీరు కట్టింది సున్నా అండీ."

"సున్నా ఏంటి బాబూ? పదిహేడు వేల నాలుగు వందలు వెళ్లాయిగా?"

"అది మందు కంపెనీ కట్టిందండీ. మీ చేతినుంచి పడింది కాదు. ఇంకొకళ్లు కట్టింది లెక్కలోకి రాదని కిందటేడు మీ సూపర్‌మార్కెట్‌వాళ్లు పాలసీ మార్చారు. అరవై మూడో పేజీలో ఉంటుంది."

"సరే, ఎవరు కట్టినా ఆస్పత్రికి ముట్టిందా లేదా?"

"ముట్టిందండీ."

"అంత ముట్టింది కాబట్టి మీరు కట్టాల్సింది అంత తగ్గిందా లేదా?"

అవతల ఎక్కడో ఎవరో నవ్వుతున్నారు, కీబోర్డులు టకటకలాడుతున్నాయి.

"అది నేను చెప్పగూడదండీ," అన్నాడు ఓరిన్.

"పోనీ ఇది చెప్పు. ఆ మందు అసలు ఖరీదెంత?"

"ఆస్పత్రి ఎంత వేస్తుందో మాకు బిల్లొచ్చాక గానీ తెలీదండీ. వాళ్లనే అడగండి."

ఆమె లోపలికి వచ్చేసరికి రోజలిన్ మందు పెట్టెను తిరిగి ఫ్రిజ్‌లో పెట్టేసింది. డెల్బర్ట్ చొక్కా చెయ్యి దించుకున్నాడు.

"పోదాం పద," అన్నాడు. "పనిచెయ్యలేనని ఇచ్చే పింఛను మొదలై పద్నాలుగు నెలలైంది. రెండేళ్లు నిండితే ప్రభుత్వ బీమా వస్తుంది. పది నెలలేగా, ఆగుదాం."

"నువ్వు ఆగుతావయ్యా. నీ గుండె ఆగితే?"

"దానికీ సెలవు కావాలేమో పాపం, యాభై తొమ్మిదేళ్లబట్టి ఒక్క పూటైనా తీసుకోలేదు."

రోజలిన్ నవ్వబోయి మానేసింది. వర్నా నవ్వలేదు. వంగి అతని చొక్కా చెయ్యి మళ్లీ మడిచింది, చిన్నపిల్లాడికి మడిచినట్టు. అతని పాదాలు బూట్లలో వాచి ఉన్నాయి. లేసులు కట్టుకోలేదని ఇంటిదగ్గరే చూసింది. చూసి ఊరుకుంది.

"కెండ్రా," అంది లేచి. "ఆ ట్యాబ్‌లో ఏం రాసుందో చదువు."

"పొడుగ్గా ఉంటుంది ఆంటీ, అందరికీ ఇచ్చేదే..."

"చదువమ్మా."

కెండ్రా చదివింది. ఈ మందుకయ్యే ఖర్చు, బీమా ఎంతవరకు భరిస్తుందన్నది నాకు వివరించారు. నాకు పూర్తిగా అర్థమైంది. బీమా సంస్థ ఏ కారణం వల్లనైనా చెల్లించకపోతే మొత్తం నేనే చెల్లిస్తాను.

"మొత్తం అంటే ఎంత?"

"మీ వంతు ఎనిమిది వేల ఏడు వందలే..."

"వంతు కాదు. మొత్తం నేనే చెల్లిస్తాను అని ఉందిగా. ఆ మొత్తం."

కెండ్రా తలుపు వంక చూసింది. తరవాత ట్యాబ్‌లో ఏవో రెండు మూడుచోట్ల నొక్కి, వర్నా వైపు తిప్పింది. రెండు లక్షల పద్నాలుగు వేల మూడు వందల ఎనభై డాలర్లు. దాని కింద విడిగా, పన్నెండు నిమిషాలు గది వాడుకున్నందుకు పదకొండు వందల నలభై.

వర్నా ఏడాదంతా ఒక్క పూట మానకుండా చేస్తే వచ్చేది ఇరవయ్యేడు వేల ఎనిమిది వందల చిల్లర. మనసులోనే భాగించుకుంది. "దాదాపు ఎనిమిదేళ్ల నా జీతం," అంది పైకే.

"మందు కంపెనీ మీకు ఎంతకిచ్చింది?"

"అది నాకూ తెలీదు ఆంటీ. మా సూపర్‌వైజరుకీ తెలీదు. నిజం."

"బీమావాళ్లు నిజంగా ఎంత కడతారు?"

"అదీ తెలీదు. బేరమాడుకుంటారు వాళ్లూ వాళ్లూ." కెండ్రా గొంతు తగ్గించింది. "ఆస్పత్రి ఇచ్చే సాయానికి దరఖాస్తు పెట్టుకోండి ఆంటీ, ఫారం నేనిస్తా."

"ఫిబ్రవరిలోనే పెట్టాను. బీమా ఉందిగా, నీకెందుకని తిప్పికొట్టారు."

గదిలో మిగతా మూడు కుర్చీల్లోనూ మనుషులున్నారు. ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు గానీ, ఎవరి వేలూ కదలడం లేదు.

"నీకు తెలీదు," అంది వర్నా మెల్లగా. "మీ సూపర్‌వైజరుకి తెలీదు. ఆ ఫోనులో అబ్బాయికి తెలీదు, తెలిసినా చెప్పగూడదు. ఇంతమందికి అర్థంకానిది నాకు మాత్రం పూర్తిగా అర్థమైందని సంతకం పెట్టాలా?"

"అర్థంకాలేదు అని నొక్కడానికి ఇందులో చోటు లేదు ఆంటీ," అంది కెండ్రా. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "సంతకం లేకపోతే మందు ఇవ్వనివ్వరు. నన్ను తిట్టకండి."

"నిన్నెందుకు తిడతానమ్మా."

ట్యాబ్ అందుకుంది. సంతకానికని ఉన్న తెల్లటి గడిలో వేలితో, ధరల చీటీలు రాసే పెద్ద గుండ్రటి అక్షరాల్లో రాసింది: నాకు అర్థం కాలేదు.

రాసి, ఏదో జరుగుతుందని చూసింది. గడి ఎర్రబడుతుందనో, ఎవరైనా వచ్చి అరుస్తారనో. ట్యాబ్ టింగుమంది. ఆకుపచ్చ గుర్తు వెలిగింది. మీ సంతకం అందింది, ధన్యవాదాలు.

"దానికి ఏం గీసినా ఒకటే ఆంటీ," అంది కెండ్రా నేల చూస్తూ. "చదవదు అది."

రోజలిన్ ఆ ఆకుపచ్చ గుర్తు చూసి, మరో క్షణం ఆగకుండా పెట్టె తీసి, దూదితో భుజం తుడిచి సూది దించేసింది. డెల్బర్ట్ కళ్లు మూసుకుని, "ఎనిమిదేళ్ల నీ జీతం ఎక్కించారే," అన్నాడు. "ఇంక ఈ పక్కకి తిరిగి పడుకోను." వర్నా అతని రెండో చేతిని పట్టుకుంది. అది చల్లగా ఉంది.

దూది మీద ప్లాస్టర్ అంటించడం అయ్యాక ఆమె కెండ్రా వైపు తిరిగింది.

"అది చదవకపోతే పోనీ. నాకో కాగితం తీసివ్వు. నేను రాసింది కనపడేట్టు."

"ఎందుకు ఆంటీ? అలా ఎవరూ అడగరు."

"బిల్లొస్తుంది కదా. వచ్చినప్పుడు ఎవరి ముందుకి లాగుతారో లాగనీ. నేనేం ఒప్పుకున్నానో నా దగ్గరుండాలి. నేను ఒప్పుకోలేదు."

"మా సూపర్‌వైజరు చూస్తే..."

"నేనడిగానని చెప్పు. నా పేరు చెప్పు."

కెండ్రా గోడవారగా ఉన్న ప్రింటరు దగ్గరికెళ్లి నొక్కింది. కాగితం వచ్చింది. ఆసుపత్రి ముద్ర కింద, 'పూర్తిగా అర్థమైంది' అన్న అచ్చు వాక్యం కింద, వర్నా చేతిరాత కొంచెం వంకరగా. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి యూనిఫాం జేబులో పెట్టుకుంది. ఎనిమిది వేల ఏడు వందలు ఎక్కణ్ణుంచి తేవాలో ఆమెకి తెలీదు. ట్రక్కు అమ్మితే మూడు వేలొస్తాయి, కానీ ట్రక్కు లేకపోతే అక్టోబరులో ఇంజెక్షన్‌కి రావడానికి దారి లేదు.

డెల్బర్ట్ లేవడానికి వర్నా సాయం పట్టింది, ఇద్దరూ తలుపుదాకా నడిచారు. వెనక కెండ్రా కళ్లు తుడుచుకుని, కిటికీ పక్క కుర్చీలో ఉన్న ముసలాయన దగ్గరికి ట్యాబ్ తీసుకెళ్లింది. టోపీ మీద ఏదో విత్తనాల కంపెనీ బొమ్మ, గోళ్లలో మట్టి.

"చిన్న సంతకం తాతా. ఇక్కడ గీస్తే చాలు."

ముసలాయన ట్యాబ్ ఒళ్లో పెట్టుకున్నాడు. వేలు ఎత్తాడు. తలెత్తి, "ఏమమ్మా," అని వర్నాను పిలిచాడు. "ఇందాక ఇందులో నువ్వేం రాశావు?"

వర్నా తలుపు దగ్గర ఆగి, అందరికీ వినపడేలా చెప్పింది.

ఆయన వేలు ఆ తెల్లటి గడి మీద, అద్దానికి తగలకుండా, అలాగే నిలిచిపోయింది.