బావమరిది నేర్పిన ఇంగ్లీషు

నా బావమరిది శ్యాంసుందర్ కాశీబుగ్గలో స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు నడుపుతాడు. పైకి అనడానికి ఇబ్బందిగా ఉండే సంగతులను ఇంగ్లీషులో ఏ జంట మాటలతో దాటెయ్యాలో బోర్డు మీద రాసి పిల్లలచేత వల్లె వేయిస్తాడు. సెన్సిటివ్ ఇష్యూ. డెలికేట్ మేటర్. టచీ సబ్జెక్ట్. నేను ఐదో తరగతిలో బడి మానేసి మా నాన్నతో పడవెక్కినవాణ్ని. అయినా ఆ మూడు జంటలూ నాకు వచ్చు. వాడే నేర్పాడు, అక్కుపల్లిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని.

అప్పటికి నా భార్య మంగ పోయి నెల కాలేదు. మంగ వాడి సొంత అక్క. కిడ్నీలు పాడై చనిపోయింది. మా ఉద్దానంలో ఆ జబ్బు పేరు పసిపిల్లలకు కూడా తెలుసు. వాడి కొడుకు తరుణ్‌కి మా అమ్మాయి హిమజని ఇవ్వాలని మంగ ఉండగానే మాటనుకున్నాం. దినాల భోజనం చేసి చేయి కడుక్కున్నాక వాడు గొంతు తగ్గించాడు.

"బావా, పెళ్లి మాట ఇక వద్దు. ఇది సెన్సిటివ్ ఇష్యూ. డెలికేట్ మేటర్."

"అంటే ఏట్రా?"

"టచీ సబ్జెక్ట్ బావా. వదిలేద్దాం."

తలుపు వెనక హిమజ వింటోంది. పిల్లకి రక్తపరీక్ష చేయించాం, ఏమీ లేదన్నారు, కాగితం చూపిస్తానని లేచాను.

"పరవాలేదు బావా, నాకు అర్థమయింది" అని చెప్పులేసుకున్నాడు.

జబ్బు అని ఉంటే జవాబు చెప్పేవాణ్ని. ఆ ఇంగ్లీషుకి ఏ కాగితం చూపించను? తర్వాత మా గుమ్మంలోకి మరో సంబంధం రాలేదు.

నాలుగేళ్లు గడిచాయి. ఈ వేసవిలో తరుణ్‌కి ఇచ్ఛాపురం సంబంధం కుదిరింది. మా వాళ్లలో ఇంటి అల్లుడు చాప మీద కూర్చోనిదే తాంబూలాలు మార్చుకోరు. ఆ ఇంటి అల్లుణ్ని నేనే. వాడు అరటిపళ్లు పట్టుకుని మళ్లీ నా అరుగు ఎక్కాడు.

"అక్క సంగతి మాత్రం తియ్యకు బావా, నీ కాళ్లు పట్టుకుంతాను. గుండెపోటని సెప్పాం."

"నానేటి సెప్తాన్రా, సదువు రానోణ్ని."

తెల్లచొక్కా తొడుక్కుని కాశీబుగ్గలో వాళ్లింటికి వెళ్లాను. తాంబూలాల పళ్లెం అందుకుంటూ పిల్ల తండ్రి ఢిల్లీరావు నా వైపు తిరిగాడు.

"అన్నయ్యా, ఏటనుకోకండి, ఆడపిల్లనిత్తన్నాం. అక్కుపల్లంటే మా ఆడోళ్లకి బయిం. మీ ఆవిడ ఏటయి పోనారు?"

"హార్ట్..." అన్నాడు శ్యాంసుందర్.

"అన్నయ్యని సెప్పనీండి."

నేను కండువా సర్దుకున్నాను. నాలుగేళ్లు వలలు అల్లుతూ ఆ మాటల్ని నోట్లో అరగదీశాను. పలుకు ఎక్కడా తప్పలేదు.

"సెన్సిటివ్ ఇష్యూ అండి" అన్నాను, అచ్చం వాడిలా గొంతు తగ్గించి. "డెలికేట్ మేటర్."

"అంటే?"

"టచీ సబ్జెక్ట్. మా బావమరిదినడగండి. పిల్లలకి పాఠం సెప్తాడు."

శ్యాంసుందర్ మళ్లీ "హార్ట్..." అన్నాడు. ఢిల్లీరావు పళ్లెం కింద పెట్టేశాడు. ఆయన భార్య లేచింది. తరుణ్ ఫోనులో రిపోర్టు చూపిస్తూ కారు దాకా పరిగెత్తాడు. "మావయ్యా, నా టెస్టు నార్మలే, ఒక్కసారి సూడండి!"

"పరవాలేదు బాబూ, మాకు అర్థమయింది" అని ఢిల్లీరావు అద్దం ఎత్తేశాడు.

శ్యాంసుందర్ నా చొక్కా పట్టుకున్నాడు. ఇంగ్లీషంతా ఎగిరిపోయింది. "జబ్బని సెప్పేసినా బాగున్ను కద బావా! టెస్టు సూపించుకుందుము!"

"హిమజ కాయితం నువ్వు సూసినావేట్రా?"

వాడి చేయి దానంతట అదే జారింది.

ఇంటికొచ్చాక వాడు తెచ్చిన అరటిపళ్లలో ఒకటి ఒలిచి మంగ ఫోటో ముందు పెట్టాను. హిమజకి ఇస్తే వద్దంది. నేను తిన్నాను. బాగా మాగింది, తియ్యగా ఉంది.