కొత్త అవకాశాల ప్రకటన

తరాజ్ ఊళ్లోని ఉన్ని మిల్లుకు ప్రకటనలు రాసేది రౌషాన్. ఆ మిల్లు కాగితాల్లో నష్టం అన్న మాటే ఉండదు, లాభాలకు కాస్త విరామం వస్తుంది. ధరలు పెంచరు, సవరిస్తారు. అవన్నీ ఆమె చేతి చలవే. నూలు విభాగం మూసేస్తున్నామని డైరెక్టరు చెప్పినప్పుడు మాత్రం ఆమెకు చేతులాడలేదు.

"తీసేస్తున్నాం అన్న ముక్క ఎక్కడా కనపడకూడదు," అన్నాడాయన.

చివరికి అలవాటు కొద్దీ రాసేసింది: "నూలు విభాగం సిబ్బందిని కొత్త అవకాశాల వైపు నడిపిస్తున్నందుకు సంస్థ గర్విస్తోంది." డైరెక్టరు భేష్ అన్నాడు. ఆ మాటకు ఆమె కాస్త మురిసిపోయింది కూడా. ఇంటికొచ్చాక అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు సాయంత్రం పక్కింటి కుల్యాష్ తలుపు తోసుకుని వచ్చింది. పెళ్లికి ముందు నుంచీ ఆ విభాగంలోనే నూలు వడుకుతున్న మనిషి. వస్తూనే గుప్పెడు మిఠాయిలు రౌషాన్ నెత్తిన జల్లి, తన పట్టు తలగుడ్డ విప్పి ఆమె భుజాన కప్పింది. శుభవార్త వింటే మిఠాయిలు జల్లాలి, అది చెప్పినవాళ్లకు కానుక ఇవ్వకపోతే ఆ ఊళ్లో తలవంపులు.

"అయ్యో, ఇదెందుకక్కా?"

"ఎందుకేమిటే! గేటు దగ్గర అంటించిన కాగితం నువ్వు రాసిందేనటగా? మాకు కొత్త పనులిస్తున్నారు! ఇంత మంచి కబురు కడుపులో దాచుకుని తిరిగావా, దొంగా! విభాగం మూస్తారన్న పుకారు విని అడిగిపెట్టుకున్న ఆ రొట్టెల దుకాణం చాకిరీ ఇక ఎవడిక్కావాలి? వాళ్లు సోమవారం నుంచి రమ్మన్నారు. రానని పొద్దున్నే చెప్పేశా."

రౌషాన్ గబుక్కున ఫోన్ తీసింది. "ఆ నంబరివ్వు," అని అక్కడికక్కడే దుకాణానికి ఫోన్ చేసింది. ఆ పని మధ్యాహ్నమే ఇంకొకామెకు ఇచ్చేశామన్నారు.

"ఏమైందే, మొహం అలా పెట్టావు?"

"వేరే అవకాశాలు..." అని మొదలుపెట్టి, తన నోటి మీద తనకే రోత పుట్టి ఆగిపోయింది. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

"కొత్త పనులేం లేవక్కా. మీ అందర్నీ తీసేస్తున్నారు. నీ రొట్టెల పనీ పోయింది. అంతా నావల్లే."

కుల్యాష్ కుర్చీలో కూలబడింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండునని రౌషాన్ ప్రాణం కొట్టుకుంది.

"ఇప్పుడెంత బాగా అర్థమైందే," అంది కుల్యాష్ చివరికి. "ఆ కాగితం మీద కూడా ఇలాగే రాసి ఉండొచ్చు కదా, తల్లీ."