మూడుసార్లు కాలిన మోటారు

నేను ఒక అయిదు హార్స్‌పవర్ మోటారును. పుట్టింది కోయంబత్తూరులో, పెరిగింది వెంగయ్య బావిగట్టు మీద. పాతికేళ్ళలో నేను తోడిన నీళ్ళన్నీ ఒకచోట పోస్తే బంగాళాఖాతం చిన్నబుచ్చుకునేది. నమ్మకపోతే వెంగయ్యనడగండి, ఆయన ఇంకో రెండు సముద్రాలు కలిపి చెబుతాడు.

నాకున్న జబ్బల్లా ఒకటే, కరెంటు తక్కువైతే కాలిపోవడం. కాలితే ఆటోలో వేసి ముప్పై కిలోమీటర్ల అవతల టౌనుకు తీసుకుపోయేవారు. అక్కడ కొత్త తీగ చుట్టి వైండింగు చేసేది ఒక్క పెద్దమనిషే. రెండో బంతి కోసం నిలబడ్డ పెళ్ళివారిలా, ఆయన కొట్లో నలభై మోటార్లు ఎదురుచూస్తుండేవి.

వెంగయ్య తోటలో మిరపకాయలు కోసే ఏసుమణికి ఆ పని నేర్చుకోవాలని మహా కోరిక. మండలంలో కాలేజీ ఉంది, మోటారు కోర్సూ ఉంది. ఫీజు మాత్రం ఆమెకు ఒక కోత కాలం కూలంత. రెండేళ్ళు దరఖాస్తు తెచ్చుకుని, మడిచి చూరులో దోపింది. మూడో ఏడు ఫీజు ఎత్తేశారు, ఏసుమణి చేరిపోయింది. ఊరికే చదువు చెబితే సర్కారు డబ్బు గంగలో పోసినట్టేనని వెంగయ్య బావిగట్టు మీద గంటసేపు వాదించాడు. విన్నది నేనొక్కణ్ణే, అదీ తిరుగుతూ.

ఆమె చదువు ముగించిన ఏడాదే, తోట పూత మీదుండగా, నేను మూడోసారి కాలాను. నాలుగు రోజుల్లో తడి అందకపోతే పూతంతా రాలిపోతుంది. టౌను ఆయన ఫోనులో పన్నెండు రోజులన్నాడు. వెంగయ్య తోట చుట్టూ రెండుసార్లు తిరిగి, మూడో చుట్టుకు ఏసుమణి గుమ్మం ముందు తేలాడు.

ఆమె నా పొట్ట విప్పి, మాడిన రాగితీగ లాగేసి, రెండు పగళ్ళలో కొత్తది చుట్టింది. వెంగయ్య నాకు పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాడు. స్టార్టరు డబ్బా దగ్గరికి మాత్రం ఆమెను రానివ్వలేదు. తీగలు తానే బిగించి బటను నొక్కాడు. నేను హుషారుగానే తిరిగాను. పైపు మాత్రం దగ్గినట్టు చెంబెడు నీళ్ళు కక్కింది.

“నే చెప్పలా? ఊరికినే వచ్చిన చదువు ఇట్టాగే ఉంటదని.” అన్నాడాయన. కళ్ళు తోట మీదే ఉన్నాయి.

“చదువు బానే ఉంది బాబాయ్. నువ్వే తీగలు తారుమారుగా బిగిచ్చావు, మోటారు ఎనక్కి తిరుగుతంది. పక్కకు జరుగు.”

ఆమె రెండు తీగలు మార్చింది. ఆ పైన నేనెంత నీళ్ళు పోశానంటే, పక్క ఊరి కప్పలు వరదొచ్చిందని సామాన్లు సర్దుకున్నాయి. పూత నిలిచింది.

ఇప్పుడు ఏసుమణి పెట్టిన మోటారు షెడ్డులో నలుగురు పని చేస్తున్నారు. ఎదురుగా టీ బంకు వెలిసింది. టౌను పెద్దమనిషి కూడా వచ్చినవాళ్ళకు కుర్చీ వేసి, రేపే ఇస్తానంటున్నాడట. గంగలో పోశారనుకున్న డబ్బు కాలవ దారిన మా తోటకే వచ్చింది. ఈ మాట ముందే చెప్పింది తానేనని వెంగయ్య ఊరంతా తిరిగి చెబుతున్నాడు.

వయసు మీరిన నన్ను ఆయనే ఆ కాలేజీకి ఇచ్చేశాడు. పిల్లలు నన్ను బల్ల మీద పెట్టి ఏటా విప్పుతారు, చుడతారు. ఈ వయసులో ఇంత సేవ ఎవరికి జరుగుతుంది చెప్పండి. శనివారాలు ఏసుమణి వచ్చి పాఠం చెబుతుంది. తీగలు బిగించే ముందు ఆమె చెప్పే మొదటి మాట, “ముందు మోటారు గలాయన్ని పక్కకు జరగమనండి.”

అందరికన్నా గట్టిగా నవ్వేది ముందు వరుసలోని వెంగయ్య మనవరాలు.