ఆరని తోలు

వర్జిల్ తోలుముక్కను చెంపకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. రాత్రంతా తడిగుడ్డలో చుట్టి ఉంచిన తోలు పైపైన ఆరి, లోపల చెమ్మ నిలిచి, చెంపకు చల్లగా తగిలింది. చెక్కడానికి పదును కుదిరింది. దాన్ని చలువరాతి పలక మీద పరిచి చెక్కుడు కత్తి చేతిలోకి తీసుకున్నాడు గాని గీత పెట్టలేదు. ముందు వెనక్కి తిరిగి బెనాట్ ఏం చేస్తున్నాడో చూశాడు.

బెనాట్ ఏమీ చెయ్యడం లేదు. పొయ్యి ముందు నిలబడి కాఫీ మరిగేదాకా ఎదురుచూస్తున్నాడు. ఏమీ చెయ్యని మనిషిని చూస్తే వర్జిల్‌కు మరీ అనుమానం.

ఈ అనుమానమన్నది వర్జిల్‌కు నిన్నా మొన్నా పట్టుకున్నది కాదు. పచారీ కొట్టుకు వెళ్లిన భార్య ఆలస్యంగా వచ్చినప్పుడల్లా వీధి చివర కాపు కాసేవాడు. ఆవిడ చాలాకాలం ఓర్చుకుని, ఒకరోజు పచారీ కొట్టు నుంచి అసలు రానేలేదు. ఆ తర్వాత అనుమానించడానికి ఇంట్లో ఎవరూ మిగలక, వర్జిల్ ఊరి మీద పడ్డాడు. తన జీనుల దుకాణంలోకి ఎవరు అడుగుపెట్టినా ముందు చేతిలో పని మీద గోనెపట్టా కప్పుతాడు. ఆ తర్వాతే పలకరింపు.

పట్టా కింద దాచేది అడవిగులాబీని. కుర్రతనంలో అతనూ పశువుల వెంట గుర్రం మీద తిరిగినవాడే. ఒక ఎర్రగుర్రం తన మీద పడి కుడి మోకాలు నుజ్జయ్యింది. ఆ కాలు ఇక వంగదని తెలిశాక, మంచం మీద పడుకుని గోడకేసి చూస్తూ గీసుకున్న పువ్వు అది. అయిదు రేకులు, ఒక రేకు అంచు కాస్త లోపలికి మడత. ఇప్పుడు నెవాడా ఉత్తరాన ఏ పశువుల మందలో చూసినా, సగం మంది కాపరుల జీనుల మీద ఆ పువ్వు పూసి ఉంటుంది. దాని కింద కొనుగోలుదారుడి పేరుంటుంది గాని వర్జిల్ పేరుండదు. పువ్వే తన పేరని అతని లెక్క.

అతను చెక్కుతాడు, బెనాట్ కుడతాడు. జీను కుట్టాలంటే కుట్టుగుర్రం ఎక్కాలి. అంటే చెక్కబల్ల మీద అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుని, కుడికాలితో తొక్కుడుచెక్కను తొక్కుతూ, చెక్కదవడల మధ్య తోలును బిగించాలి. వంగని మోకాలికి అది చేతకాదు. గొర్రెలు కాచుకుంటూ కొండల్లో తిరిగిన బాస్కు జాతి మనిషి బెనాట్ చలికాలపు పనికని ఈ దుకాణానికి వచ్చి, ఇక్కడే ముసలివాడయ్యాడు. గొర్రెలవాడు ఎక్కగలిగిన గుర్రం అదొక్కటేనని ఊళ్లో అందరూ వేళాకోళం చేస్తారు. అందరికంటే ఎక్కువగా బెనాటే చేస్తాడు.

"వర్జిల్, నీతో ఒక మాట చెప్పాల్రా," అన్నాడు బెనాట్, కాఫీ గ్లాసు బల్ల చివర పెడుతూ.

"తోలు పదును మీదుంది."

"తెలుసులే. ఆరినాకే చెప్తా."

దుకాణం పాత యజమాని పెట్టిన కట్టుబాటు అది. పదును మీద ఉన్న తోలు దగ్గర మాటలు కూడదు. యజమాని పోయినా కట్టుబాటు పోలేదు. మాటల్లో పడితే తోలు ఆరిపోతుంది, ఆరిన తోలు అచ్చు పట్టదు.

ఆ మాటేమిటో వర్జిల్‌కు తెలుసు. అంటే తెలుసుననుకున్నాడు. మొన్న శరదృతువులో రీనో పట్నం నుంచి ఆర్లో ఫిట్స్ అనే వ్యాపారి వచ్చి పువ్వును అమ్మమని అడిగాడు. యంత్రం మీద అచ్చేసి బెల్టులకూ, చేతిసంచులకూ కూడా వేస్తాడట. వర్జిల్ అతన్ని గుమ్మం దాకా నెట్టుకుంటూ వెళ్లాడు. ఆరోజు బెనాట్ మాత్రం వీధిలో ఆ మనిషితో చాలాసేపు నవ్వుతూ మాట్లాడాడు. అదిగో, అప్పటినుంచి మనిషిలో తేడా వచ్చింది. సాయంత్రం దుకాణం మూశాక వెనకగదిలో టకటకమని సుత్తి చప్పుడు చేస్తాడు. వెళ్లి తలుపు తోస్తే గడియ. ఒకరోజు పొయ్యి పక్కన ఆరబెట్టిన వర్జిల్ ఎడమ బూటుకు టేపు పెట్టి కొలుస్తూ దొరికిపోయాడు.

"నా బూటుతో నీకేం పనిరా?"

"ఎలకేమన్నా కొరికిందేమోనని చూస్తున్నా."

"టేపు పెట్టా?"

"ఎంత కొరికిందో తెలవద్దూ!"

కుట్టుగుర్రం కూడా వారం రోజులుగా వెనకగదిలోనే ఉంది. అడిగితే, దానికి కీళ్లనొప్పులన్నాడు. ఈ ఉదయమే దాన్ని ఆయాసపడుతూ ఈడ్చుకొచ్చి యథాస్థానంలో పెట్టాడు. పెట్టాక గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. పనిముట్లు మూట కట్టేసి ఉంటాడు, ఇక ఫిట్స్ దగ్గరికి వెళ్తానని చెప్పడమే మిగిలింది, అనుకున్నాడు వర్జిల్. వెళ్తే వెళ్లాడు, పువ్వును పట్టుకుపోతాడేమోననే భయం. దానికంటే లోపల మరో భయం ఉంది. బెనాట్ లేని దుకాణంలో తను ఎలా కూర్చుంటాడు? ఆ రెండో భయాన్ని తలుచుకోకుండా ఉండడానికే మొదటిదాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

పొద్దెక్కుతుండగా డెల్మర్ వచ్చాడు. పశువుల కాపరుల్లో పెద్దతలకాయ, మీసాల నిండా దుమ్ము. తెగిన కళ్లెం పట్టీ బెనాట్ చేతిలో పెట్టి, "రేపొస్తా, కుట్టి పెట్టు," అన్నాడు. వర్జిల్ అప్పటికే గోనెపట్టా కప్పేశాడు.

"ఏం పెద్దాయనా, పట్టా కింద కోడిపెట్టను పొదగేశావా?"

"నీ పని అయింది కదా, వెళ్లు."

"వెళ్తాలే. ఇంతకీ బెనాట్, రీనో ఎట్టుంది? సోమవారం బస్సు దిగుతా కనబడ్డావు."

వర్జిల్ చెవులు నిక్కాయి. సోమవారం బెనాట్ వెళ్లింది తూర్పున ఉన్న అక్కగారింటికి. గొర్రెకూర తిని వచ్చానని పళ్లు కుట్టుకుంటూ మరీ చెప్పాడు.

"బానే ఉంది. మెట్లెక్కువ," అన్నాడు బెనాట్ మెల్లగా.

డెల్మర్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. బెనాట్ వర్జిల్ వైపు చూశాడు. "ఆరిందా?" అన్నాడు.

"లేదు."

నిజానికి ఆరవచ్చింది. ఎడారిగాలికి తోలు ఆరడమెంతసేపు! వర్జిల్ స్పాంజి ముంచి రేకుల మీద నీళ్లు పిండాడు. ఈ రోజు ఆ మాట వినకూడదు. ఇవాళ వినకపోతే రేపటికి మనసు మార్చుకోవచ్చు. ఎల్లుండికి మరిచిపోనూ వచ్చు.

మధ్యాహ్నం బెనాట్ రొట్టె కోసి, ఎర్రటి మిరపకారం సాసేజి పెట్టి, సగం అతని బల్ల మీద ఉంచాడు. వర్జిల్ ముట్టుకోలేదు. మళ్లీ నీళ్లు పిండాడు. కత్తిగాట్లు పూడుకుపోతున్నాయి. అచ్చు వేసి సుత్తితో కొడితే గుంట పడి, వెంటనే ఉబ్బి పైకొస్తోంది. రేకు అంచున మడత చెదిరి, పువ్వు మొహం వాచినట్టు తయారైంది. పరాయివాడి చేతిలో పాడవుతుందని ఇన్నాళ్లు దాచిన పువ్వును తన చేత్తోనే పాడుచేస్తున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా చెయ్యి ఆగలేదు.

"ఏందిరా, వాన కురిసిందా నీ బల్ల మీద?" అన్నాడు బెనాట్ వెనకనుంచి.

వర్జిల్ స్పాంజి మళ్లీ ముంచాడు.

"సరే, కానీ. నాకూ కుట్టుపనుంది."

కుట్టుగుర్రం కిర్రుమంది. మొనదేలిన ఆర తోలును పొడిచే చప్పుడు, మైనం పూసిన దారం సర్రున జారే చప్పుడు. ఇన్నేళ్లుగా వింటున్న చప్పుడే. వర్జిల్ భుజాలు కాస్త సడలాయి. కుడుతున్నాడంటే వెళ్లడం లేదు.

తర్వాత ఆ చప్పుడు ఆగింది.

వర్జిల్ మోచేతులు చాచి పువ్వును కప్పాడు. బెనాట్ వెనకే నిలబడి చూస్తున్నాడు, అనుకున్నాడు. నేను తిరిగితే మాట మొదలుపెడతాడు. తిరగను. ఎంతసేపు నిలబడతాడో నిలబడనీ. కిటికీలోంచి పడే ఎండ బల్ల చివరికి జరిగింది. అతను తిరగలేదు. పొయ్యి మీది కాఫీ ఇంకిపోయి గిన్నె మాడిన వాసన వచ్చింది. బెనాట్ కాఫీ మాడనిచ్చే మనిషి కాడు. అప్పుడు తిరిగాడు.

బెనాట్ కుట్టుగుర్రం మీదే కూర్చుని ఉన్నాడు. గడ్డం గుండెకు ఆనింది. చేతులు ఒళ్లో ఉన్నాయి. కునుకు పట్టిన మనిషిలాగే ఉన్నాడు.

"బెనాట్! ఒరే, లే. ఆరిందిరా, లే," అన్నాడు వర్జిల్. ఆ మాట పదేపదే అంటూనే కుంటుకుంటూ వెళ్లి అతని చెంప తాకాడు. చల్లగా ఉంది.

ఊరి డాక్టరు ప్రూయిట్ వచ్చి చూసి, టోపీ తీశాడు. "గుండె. రీనో పెద్దాసుపత్రికి పంపింది నేనే. ఇక రోజుల్లోనే అన్నారక్కడ. మంచం మీద పడుకోమంటే వినలేదు, చిన్న పని మిగిలిందన్నాడు. ఇవాళ నీతో చెప్తానన్నాడే, చెప్పలేదా?"

"తోలు పదును మీదుంది," అన్నాడు వర్జిల్.

డాక్టరుకు అర్థం కాలేదు. భుజం తట్టి వెళ్లిపోయాడు. నలుగురు వచ్చి బెనాట్‌ను దుప్పట్లో మోసుకెళ్లారు. అతను ఎంత తేలికైపోయాడో అప్పుడే తెలిసింది.

దుకాణం ఖాళీ అయింది. వర్జిల్ దగ్గరున్న దాని మీద కూలబడ్డాడు. అది కుట్టుగుర్రం. కుడికాలు అలవాటుగా ముందుకు చాచాడు. దానికి ఏదీ అడ్డు తగల్లేదు. అటువైపు తొక్కుడుచెక్క లేదు. కొత్త మేకులతో ఎడమవైపుకు మారి ఉంది. ఎడమకాలు తనంతట తనే వెళ్లి దాన్ని వెతుక్కుంది. మడమ జారకుండా తోలుతో చుట్టూ కట్టిన అంచులో బూటు అచ్చంగా ఇమిడింది.

తొక్కాడు. చెక్కదవడలు బిగుసుకున్నాయి. వదిలాడు, సడలాయి. మళ్లీ తొక్కాడు. వర్జిల్ ఏడ్చాడు. ఎవరైనా చూస్తారేమోనని ఆ ఒక్కసారీ అనుకోలేదు.

ఎదుట, చెక్కదవడల మధ్య, డెల్మర్ కళ్లెం పట్టీ సగం దాకా కుట్టి ఉంది. చివరి కుట్టు నుంచి దారం చెరోవైపు జారి, రెండు కొసలా రెండు సూదులు వేలాడుతున్నాయి.