కిటికీ కింద చిన్న పీపా

మేనత్తకు ముక్కు మీద కోపమని అందరూ అనేవారు. ఆ ముక్కు మీద కోపం ఒక్కటే కాదు, ముప్పై ఏళ్లుగా ఆ వైన్ కంపెనీ పరువంతా ఉంది. పీపాల గది పనివాళ్లు చాటుగా ఆవిడను ‘ముక్కమ్మగారు’ అని పిలుచుకునేవారు. సంగతి ఆవిడకు తెలుసు. పెట్టినవాళ్లు ఆలోచించే పెట్టారు లెమ్మని ఊరుకునేది.

ఆవిడ చేసేది టానీ పోర్ట్. ఎర్రగా, తియ్యగా, చిక్కగా పుట్టిన వైన్‌ను చెక్క పీపాల్లో పోసి ఏళ్ల తరబడి వదిలేస్తే, ఎరుపంతా మెల్లగా దిగిపోయి ఎండుటాకు రంగు తేలుతుంది. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న మహానుభావుడెవరో దీన్ని రుచి చూసి ఉండడు. సీసా మీద ఇరవై ఏళ్లని రాస్తారు గాని, లోపల ఉన్నది ఒక్క పీపా సరుకు కాదు. పన్నెండేళ్ల కుర్రది, ముప్పై ఏళ్ల ముదురుది, మధ్యలో మరో నాలుగైదు, అన్నీ కలిపి ఇరవై ఏళ్ల రుచి రప్పించాలి. ఉమ్మడి కుటుంబంలో అందరి చేతా ఒకే మాట అనిపించడం లాంటిది. ప్రతి ఏడూ కొత్తగా కలపాలి, ప్రతి ఏడూ పోయినేటి రుచే రావాలి.

పీపాలూ, కలిపే బల్లా ఉన్న ఆ గది ఇప్పుడు మేనకోడలి చేతికి రావాలి. నాలుగేళ్ల వయసులో తల్లి పోతే అత్తే తెచ్చి పెంచుకుంది. పదకొండేళ్లుగా అత్త పక్కనే నిలబడి పని నేర్చుకుంది. ఆ గదిలో పరీక్ష చాలా చిన్నది. బల్ల మీద రెండు గ్లాసులు. ఒకదాంట్లో అత్త పోయినేడు కలిపింది, రెండోదాంట్లో మేనకోడలు ఈ ఏడు కలిపింది. గ్లాసు అడుగున రంగు చుక్కలుంటాయి, అత్తది ఎరుపు, ఆమెది నీలం. పోసిన మనిషి, తన ముఖం అత్త చదవకుండా, కిటికీ వైపు తిరిగి నిలబడాలి. ఏది ఎవరిదో అత్త చెప్పలేకపోతే గది మేనకోడలిదే.

పోయిన రెండేళ్లూ అత్త ఒక్క గుక్కలో చెప్పేసింది. పుక్కిలించి గిన్నెలోకి ఉమ్మేసి, “ఇది నీది. చాల్లేదే పిల్లా,” అంది. ముప్పై నాలుగేళ్ల పిల్ల ఆ రెండు రోజులూ అన్నం ముట్టలేదు. ఈసారీ తప్పితే బయటినుంచి ఎవరినైనా తెచ్చుకుంటామని యజమాని చాలా మర్యాదగా చెప్పాడు. అరిచి చెప్పి ఉంటే ఆమెకు ఇంకొంచెం తేలిగ్గా ఉండేది.

పరీక్షకు పదిహేను రోజుల ముందు, మధ్యాహ్నం, ఆమె పీపాల గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. పొద్దుటినుంచి ఇరవై మూడు సార్లు కలిపింది, ఇరవై మూడు సార్లు పారబోసింది. నేలంతా తడిచెక్క వాసన. పైన చిన్న కిటికీలోంచి పడిన ఎండ పలక పీపాల మీదుగా నిదానంగా పాకుతోంది. కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు.

నిద్రలో ఆమెకు ఐదేళ్లు. జ్వరం. పనినుంచి వచ్చిన అత్త చెప్పులైనా విప్పకుండా నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చేతిలో ఎండిన నారింజ తొక్క వాసన, కాస్త మాడిన పంచదార వాసన, వాటి వెనకాల రంపపు పొట్టులాంటి వెచ్చటిదేదో వాసన. గుమ్మంలో మామయ్య నిలబడి, “నీ చెయ్యి పడితే చాలు, పిల్ల లేచి కూర్చుంటుంది,” అంటున్నాడు. అత్త నవ్వుతోంది. అత్త అలా నవ్వేదని కూడా ఆమె మరిచిపోయింది.

మెలకువ వచ్చింది. వాసన మాత్రం పోలేదు.

లేచి, కళ్లు సగం మూసుకునే ఆ వాసన వెంట నడిచింది. ఒక వరుస దాటింది, రెండో వరుస దాటింది. కిటికీ కింద మూల ఉన్న చిన్న పీపా దగ్గర కాళ్లు ఆగిపోయాయి. దాని జోలికి ఎవరూ పోకూడదు. మామయ్య పీపాలు చేసేవాడు. పెళ్లైన ఏడాది, మిగిలిన చెక్కతో అత్త కోసమని చేసిన పీపా అది. ఆయన పోయి పంతొమ్మిదేళ్లు. ఆ రోజునుంచి అత్త దాని బిరడా తియ్యలేదు, ఇంకొకళ్లను తియ్యనివ్వలేదు.

చాలాసేపు నిలబడింది. తరువాత బిరడా తీసి గాజు గొట్టం లోపలికి దించింది. గొట్టం చాలా లోతుకు వెళితే గాని వైన్ తగల్లేదు. మూడు గొట్టాల వైన్ తీసుకుని బిరడా ఎప్పటిలా బిగించింది. దొంగతనమే. పదిహేను రోజులూ అత్త కంచంలో వడ్డిస్తుంటే ముళ్ల మీద కూర్చున్నట్టు తింది.

పరీక్ష రోజు పదకొండు గంటలకు అత్త వచ్చి కుర్చీలో కూర్చుంది. మేనకోడలు కిటికీ వైపు తిరిగింది. బయట వీధిలో ఎవరో సైకిలు నడిపించుకుంటూ వెళ్తున్నారు. వెనకాల గ్లాసు బల్లకు తగిలిన చప్పుడు, పీల్చిన చప్పుడు, ఉమ్మిన చప్పుడు. రెండో గ్లాసు. మళ్లీ మొదటిది. ఇంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

“ఇటు తిరుగు,” అంది అత్త.

తిరిగింది. అత్త ఎడమచేతి గ్లాసును పక్కకు నెట్టింది.

“ఇది నీది. పైకి బాగానే ఉందమ్మా, తప్పుపట్టడానికి లేదు. కానీ నడిమధ్యలో ఏదో దాటేసి పోతోంది. ఇంట్లో ఒక గది తలుపు మూసేసి, దాని ముందునుంచి గబగబా నడిచిపోయినట్టుంది. దేనికా తొందర?” కుడిచేతి గ్లాసును దగ్గరకు తీసుకుంది. “ఇది నాది. నా చెయ్యి నాకు తెలియదా?”

చుక్కలు మేనకోడలు తనే పెట్టింది. ఎడమది ఎరుపు, కుడిది నీలం. గెలిచింది. ఒక్క మాట చెబితే గది తనది. కానీ ఆ మాట చెబితే, ముప్పై ఏళ్ల ముక్కు తన వైన్‌కు తానే వంక పెట్టిందని అత్తకు తెలుస్తుంది. పెంచిన మనిషిని ఆ మాటతో కొట్టడానికి ఆమెకు చేతులు రాలేదు.

“నువ్వన్నది నిజమే అత్తా. ఎడమది నాదే. ఇంకా నేర్చుకోవాలి,” అంటూ గబగబా గ్లాసులు తియ్యబోయింది.

అదే ఆమె చేసిన పొరపాటు. పదకొండేళ్లలో ఏనాడూ ఆమె, అత్త వంక పెట్టిన వెంటనే ఒప్పుకోలేదు. అత్త ఆమె మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో గ్లాసెత్తి అడుగున చూసింది. తరువాత రెండోది ఎత్తి చూసింది.

ఎండ పలక బల్ల అంచుమీదికి వచ్చింది.

“ఏ పీపా కలిపావు?” అంది అత్త. అడగడమైతే అడిగింది గాని, ఆవిడ కళ్లు అప్పటికే కిటికీ కిందికి వెళ్లాయి.

“అదే. అడక్కుండా తీశాను. తప్పే.”

కోపం వస్తుందనుకుంది. రాలేదు. అత్త నీలం చుక్క గ్లాసు మళ్లీ అందుకుంది. ఒక గుక్క తీసుకుంది. ఉమ్మే గిన్నె పక్కనే ఉంది. ఆ గదిలో ముప్పై ఏళ్లలో ఒక్క చుక్క మింగని మనిషి, కళ్లు మూసుకుని మింగింది.

“ఆయనున్నప్పుడు ఇలాగే ఉండేది,” అంది. “ప్రతి ఏడూ అందులోంచి కాస్త కలిపేదాన్ని. ఆయన పోయాక మానేశాను. మానేసిన మొదటి ఏడు తేడా తెలిసింది. రెండో ఏడు తెలియలేదు. పోయినేటిదానికి సరిపోతే చాలు కదా.” కళ్లు తుడుచుకుని నవ్వింది. “ఎవరి కంపు వాళ్లకింపు అంటారే, అందుకే. నీదనుకున్నాను కాబట్టి నోరొచ్చింది గాని, నాదని తెలిస్తే వంక పెట్టేదాన్నా?”

లేచి చిన్న పీపా దగ్గరకు నడిచింది. వంగి, వేలి కణుపుతో పైనుంచి తట్టడం మొదలుపెట్టింది. బోలు చప్పుడు. ఇంకొంచెం కింద తట్టింది. బోలు. నడుము దగ్గర తట్టింది. అక్కడా బోలే. మోకాళ్ల మీద కూర్చుని అడుగుకు జానెడు పైన తడితే గాని చప్పుడు నిండుగా రాలేదు. మిగతా పీపాల్లో చెక్క తాగినంత, ఆవిరైనంత ఏటేటా తగ్గుతుంది, ఏటేటా నింపుతారు. దీన్ని పంతొమ్మిదేళ్లు ఎవరూ నింపలేదు.

“దాచాననుకున్నానే,” అంది అత్త. పీపా మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

మేనకోడలు పక్కన కూర్చుంది. అత్త భుజం పట్టుకుంది. ఆ చీర కొంగులో తడిచెక్క వాసన తప్ప ఇంకేమీ లేదు.

అత్త కొంగుతో పీపా మీది దుమ్ము తుడిచింది. “యజమానికి చెప్పు, బయటివాళ్లెవరూ అక్కర్లేదని. తరువాత నీకు నచ్చిన వైన్ తెచ్చి ఈ పీపా నింపు.”

“ఏది పొయ్యమంటావు అత్తా?”

“నన్నడుగుతావేమే? గది నీది.”

అంటూనే బిరడా పీకి ఆమె చేతిలో పెట్టింది.